తాడు అవతలి కొస

"సెమినారుంది" అని ఇంట్లో చెప్పి బయల్దేరాను.

నాకు ముప్ఫై ఆరేళ్లు. సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. క్లాసులో పిల్లలకి స్త్రీవాదం పాఠం చెప్తాను. అయినా 2024 నవంబరులో ఆ శనివారం తెల్లవారుజామున అమ్మకి అబద్ధమే చెప్పాను. "ఎక్కడ?" అంది. "భువనగిరిలో" అన్నాను. "దేనిమీద?" అంది. "ఆరోహణ మీద" అన్నాను. సంగీతం గురించి కాబోలనుకుని అమ్మ ఇంకేమీ అడగలేదు. నిజం చెప్తే కాదనేది కూడా కాదేమో. కానీ "ఎందుకూ?" అనేది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పని మీద వెళ్తున్నానని చెప్పగలను, పెళ్లికి వెళ్తున్నానని చెప్పగలను, గుడికి వెళ్తున్నానని చెప్పగలను. ఊరికే, ఒక బండ ఎక్కి దిగడానికి వెళ్తున్నానని ఎలా చెప్పను?

సికింద్రాబాదులో రైలెక్కాక తెలిసింది, అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే కాదని. ఎమ్మే హాస్టల్లో రెండేళ్లు కలిసి ఉన్న స్నేహితులం ఐదుగురం. పేర్లు రాయను, హాస్టల్లో ఒకళ్లకొకళ్లం పెట్టుకున్న పేర్లే చాలు. లీడరుది వరంగల్, బ్యాంకులో పనిచేస్తోంది. ఇంట్లో "ట్రైనింగు" అంది. గోంగూరది గుంటూరు, స్కూల్లో టీచరు. అత్తగారితో "కొలీగ్ చెల్లెలి పెళ్లి" అని చెప్పి, ఆ అబద్ధానికి న్యాయం చెయ్యడం కోసం బ్యాగులో ఒక పట్టుచీర కూడా మోసుకొచ్చింది. వార్డెన్ విడాకులు తీసుకుని ఒక్కతే ఉంటోంది. "నాకు అబద్ధం చెప్పడానికి కూడా ఎవరూ లేరే" అని నవ్వింది. ఆ నవ్వులో కాస్త బెంగ ఉంది. నన్ను మాత్రం అందరూ వెక్కిరింతగా "డాక్టరమ్మా" అంటారు.

నిజం చెప్పి వచ్చింది ఉడుత ఒక్కతే. హాస్టల్ వెనకాల మామిడిచెట్టు కొమ్మ మీద కూర్చుని నోట్సు చదువుకునేది కాబట్టి దానికా పేరు. యూనివర్సిటీ ఖోఖో జట్టులో ఆడింది. ఇప్పుడు ఐదేళ్ల కొడుకు, ఉద్యోగం, ఇల్లు. పదిహేను రోజుల ముందే భర్తతో చెప్పిందట. అతను సరేనన్నాడట. ఆ "సరే"కి బదులుగా రెండు రోజులకి సరిపడా కూరలు వండి, డబ్బాల్లో సర్ది, శనివారం పగలు, శనివారం రాత్రి, ఆదివారం పొద్దున అని కాయితాలు అతికించి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చింది. దోసెల పిండి రుబ్బింది. సోమవారం వేసుకునే యూనిఫారం ఇస్త్రీ చేసింది. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా పడుకోలేదు.

"నిజం చెప్తే గింత ఖర్చయితదానె?" అంది లీడరు. అందరం నవ్వాం. ఘట్‌కేసర్ దాటింది, బీబీనగర్ దాటింది. ఉడుత కిటికీకి తలానించి నిద్రపోయింది.

నా పరిశోధన స్త్రీల యాత్రా రచనల మీద. 1873లో మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లి వచ్చి, ఆ అనుభవాలను 1876లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చిన పోతం జానకమ్మ దగ్గర్నుంచి, 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి దాకా చదివాను, రాశాను. స్త్రీ ప్రయాణం చేస్తే దానికొక కారణం కావాల్సి వస్తుంది. భర్త వెంటనో, పుణ్యం కోసమో, ఉద్యోగరీత్యానో... కారణం లేని ప్రయాణం మన ఆడవాళ్ల రాతల్లో ఎంత ఆలస్యంగా వచ్చిందో ఒక అధ్యాయమంతా వాదించాను. వైవాలో ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. అంత వాదించిన నేను సొంతంగా చేసిన ప్రయాణాలేమిటని లెక్కేసుకుంటే అన్నీ సెమినార్లే. అమ్మకి చెప్పిన అబద్ధం నాకంత సులువుగా నోటికి వచ్చిందంటే అందుకే.

ఈ ప్రయాణానికి అసలు బీజం 2010లో పడింది. డిపార్ట్‌మెంటు వాళ్లు మమ్మల్ని నాగార్జునసాగర్, ఎత్తిపోతల తీసుకెళ్లారు. ఎత్తిపోతల దగ్గర మగపిల్లలు రాళ్ల మీదుగా కిందికి దిగారు. మేమూ దిగబోతే సార్ ఆపారు. "ఏమైనా అయితే మీ అమ్మానాన్నలకి నేనేం జవాబు చెప్పాలమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మామీద నిజంగానే ప్రేమ ఉన్న మనిషి. కానీ మగపిల్లల అమ్మానాన్నలకి ఏం జవాబు చెప్పాలన్న బెంగ ఆయనకెందుకు లేదు? ఆ రోజు బస్సులో కూర్చుని పల్లీలు తింటూ ఐదుగురం అనుకున్నాం, ఎప్పటికైనా ఎక్కడో ఒకచోట ఎక్కి దిగాలని. పద్నాలుగేళ్లు పట్టింది.

ముంబై నగరం గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. ఆడవాళ్లకి కావలసింది కేవలం భద్రత కాదు, ఇష్టపడి ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు కూడా అన్నది అందులో ముఖ్యమైన వాదన. భద్రత పేరుతో మనల్ని లోపల కూర్చోబెట్టగలరు. అదే ప్రమాదం మన ఎంపిక అయినప్పుడు ఆ నిర్ణయం మనది. ఈ మాట నేను ఎన్నిసార్లు క్లాసులో చెప్పానో! బండ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు మాత్రం నోరు ఎండిపోయింది.

భువనగిరి బండను రైల్లోంచి మీరూ చూసే ఉంటారు. ఊరి మధ్యలో పడుకున్న ఏనుగులా ఉంటుంది. దాదాపు ఐదువందల అడుగుల ఏకశిల. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద ఊరికీ కోటకీ ఆ పేరొచ్చింది. తర్వాత కాకతీయుల ఏలుబడిలోకి వెళ్లింది. కాకతీయులంటే రుద్రమదేవి గుర్తొస్తుంది కదా. ఆమెను శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని పేర్కొన్నారు. సింహాసనమెక్కిన ఆవిడకి కూడా మగపేరు కావాల్సి వచ్చింది. మా ట్రైనింగులూ పెళ్లిళ్లూ సెమినార్లూ ఎంతపాటివి?

మాకు నేర్పించిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. గురుకులంలో చదువుకుందట. మొదట "మేడమ్" అంది, గంటలో "అక్కా"లోకి దిగింది. హార్నెస్ తొడిగించి నడుం దగ్గరా తొడల దగ్గరా బిగిస్తుంటే మాకు సిగ్గు ముంచుకొచ్చింది. కాన్పుల తర్వాత పెరిగిన పొట్టలు, సిజేరియన్ కుట్లు, చున్నీ లేని ఛాతీ, మా దేహాలన్నీ పట్టీల మధ్య ఉబ్బి బయటికి కనపడుతున్నాయి. గోంగూర పదే పదే టీషర్టు కిందికి లాక్కుంటోంది. "అట్ల గుంజకండక్కా, పట్టీల ఇరుకుతది" అంది ఆ అమ్మాయి మామూలుగా. మా ఒంటిని అందమనో వికారమనో కాకుండా ఒక బరువుగా మాత్రమే చూసిన మొదటి మనిషి ఆమేననిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఎక్కడం గురించి నాకున్న ఊహ వేరు. చేతుల బలంతో పైకి లాక్కోవడమనుకున్నాను. కాదు, కాళ్లతో ఎక్కాలి. మన దక్కన్ గ్రానైటు కోట్ల ఏళ్లనాటిది. పొరలు పొరలుగా ఊడిపోయి నున్నగా కనిపిస్తుంది గానీ దగ్గరికెళ్తే గరుగ్గా ఉంటుంది. బూటు అడుగుని పూర్తిగా ఆనిస్తే పట్టుకుంటుంది. భయపడి బండకి అతుక్కుపోతే మాత్రం కాలు జారుతుంది.

ఇక రెండోది, నేను అసలు ఊహించనిది, తాడు. ఎక్కే మనిషి నడుముకి కట్టిన తాడు పైకి వెళ్లి, అక్కడ బిగించిన కొక్కెంలోంచి తిరిగి కిందికొస్తుంది. ఆ రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. దీన్ని బిలే అంటారు. పైనున్న మనిషి ఒక్కో అడుగు వేస్తున్నకొద్దీ కిందున్న మనిషి మిగులు తాడుని లాక్కుంటూ ఉండాలి. ఒక చెయ్యి తాడుని ఎప్పటికీ వదలకూడదు, ముక్కు మీద దోమ వాలినా సరే. "వదులు ఉండొద్దు, గట్టిగ గుంజనూ వద్దు. మీరు గుంజితే ఆమె పడ్తది. ఆమెను ఎక్కనియ్యాలె" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

మొదట ఉడుత ఎక్కింది. తాడు నా చేతిలో పెట్టారు. ఖోఖో ఆడి పదమూడేళ్లయింది, రాత్రి నిద్ర లేదు. అయినా ఆ బండ మీద కాలు పెట్టగానే దానికి వయసంతా ఊడిపోయినట్టయింది. ఎక్కడ కాలు వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై అడుగులు దాటాక ఎడమ కాలు జారింది. ఒక్క క్షణం... తాడు గుంజుకుంది, నేను మునివేళ్ల మీదికి లేచిపోయాను. గాల్లో వేలాడుతూ, కిందికి కూడా చూడకుండా అరిచింది.

"పట్టుకున్నావా డాక్టరమ్మా?"

"పట్టుకున్నా!"

పకపకా నవ్వింది. మళ్లీ కాలు పెట్టి ఎక్కేసింది. దాని నవ్వు అలా విని ఎన్నేళ్లయిందో. అంతకంటే ఎక్కువగా నా చేతులు నన్ను ఆశ్చర్యపరిచాయి. ఇంకొక మనిషి బరువు మొత్తం నా రెండు చేతుల మీద ఆగింది. జీవితంలో నేను ఎందరికో సలహాలిచ్చాను, ధైర్యం చెప్పాను, వ్యాసాలు రాశాను. అక్షరాలా ఒక మనిషి పడకుండా పట్టుకోవడం అదే మొదటిసారి.

ఎండ ముదిరేసరికి కిందికొచ్చేశాం. గ్రానైటు వేడెక్కితే చెయ్యి పెట్టలేం. మెట్ల దారి దగ్గర ఒక పెద్దమ్మ సీతాఫలాలు అమ్ముతోంది. కాలం అయిపోవస్తోంది, కాయలు చిన్నవి, తియ్యగా ఉన్నాయి. "పొద్దుగాలనుంచి చూస్తున్న, ఎందుకు ఎక్కుతుండ్రు బిడ్డా?" అంది. "ఊరికేనే అమ్మా" అంది లీడరు. "ఊరికెనా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. చుట్టుపక్కల గుట్టలెక్కి ఆ కాయలు కోసేది ఆమే. తెల్లవారకముందే, నెత్తిన గంపతో, తాడూ లేదు, హెల్మెట్టూ లేదు. దాన్నెవరూ సాహసమనరు, పని అంటారు. మరి మనవరాలిని ఎవరు చూస్తారని అడిగితే, "పక్కింటామె చూస్తది. ఆమె పోయిననాడు నేను చూస్త" అంది. సాహసం చెయ్యడానికి డబ్బు కట్టి వచ్చిన మా ఐదుగురిలో ఎవరికీ అలాంటి పక్కింటామె లేదు. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు.

రాత్రి ఏడున్నరకి మొదటి ఫోన్ వచ్చింది.

బండకి కాస్త దూరంలో ఒక గది తీసుకున్నాం. మోచేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాం. బాబుకి ఒళ్లు వెచ్చగా ఉందని ఉడుత భర్త. జ్వరం సిరప్ ఎక్కడుందని అడిగాడు. చెప్పింది. ఐదు నిమిషాలకి మళ్లీ, దొరకలేదని. చెప్పింది. మళ్లీ, ఎన్ని ఎమ్మెల్ వెయ్యాలని. చెప్పింది. థర్మామీటరు పనిచెయ్యట్లేదని. ఆ నల్లది కాదు, రెండోదని చెప్పింది. అన్నం తినట్లేదని. రసం పెట్టమంది. రసం ఏ డబ్బాలో ఉందని. తొమ్మిదిలోపు పదకొండు ఫోన్లు. అతని గొంతులో కోపం లేదు. నిజంగా కంగారే. ఆ ఇంట్లో ఆరేళ్లుగా కాపురముంటున్న మనిషి, పరాయి ఊళ్లో దారి తప్పినవాడిలా అడుగుతున్నాడు. పదకొండోసారి ఫోన్‌లో బాబు ఏడుపు వినపడింది. "అమ్మా ఎప్పుడొస్తావు?" అన్నాడు. జ్వరం నూట రెండు.

ఉడుత లేచి బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు నేను మాట్లాడాను. మాట్లాడకుండా ఉండాల్సింది. "జ్వరమే కదే, పొద్దున్నకి తగ్గుతుంది. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడుగా. నువ్వు ఇప్పుడు వెళ్తే ఇంక ప్రతిసారీ ఇంతే. ఒక్క రాత్రి అతన్ని పడనీ. నీకు ఇలా అనిపించడం కూడా కండిషనింగే" అన్నాను.

ఉడుత చేతిలో బట్టలు అలాగే ఉన్నాయి. నావైపు చూసింది. "కండిషనింగే కావచ్చే. నూట రెండు కూడా నిజమే" అంది.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపాగి తనే అంది, "నాకిక్కడ ఉండాలని లేదనుకున్నావా? ఈ రోజు పొద్దున ఆ బండ మీద ఉన్నప్పుడు వాడు గుర్తే రాలేదు. రెండు గంటలసేపు వాడు గుర్తే రాలేదు డాక్టరమ్మా. నువ్వు చెప్పేవన్నీ నాకు తెలుసు. నువ్వు చెప్పింది ఒప్పుకుని ఉండిపోయాననుకో, రాత్రంతా నిద్ర పట్టనిది నాకు, నీకు కాదు." గొంతు పెంచకుండానే అంది. అందుకే గుచ్చుకుంది.

వార్డెన్ ఏమీ అనలేదు. లేచి చెప్పులేసుకుని, ఉడుత బ్యాగు అందుకుని, "పద, ఉప్పల్ దాకా బస్సు దొరుకుతుంది. ఇంటి దాకా వస్తా" అంది. ఇద్దరూ తొమ్మిదిన్నర బస్సెక్కారు. సిద్ధాంతం చెప్పింది నేను. తోడు వెళ్లింది వార్డెన్.

ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. నేనన్నదాంట్లో తప్పేముంది? తండ్రికి కూడా బాధ్యత ఉండాలనేగా అన్నాను. పితృస్వామ్యం గురించి దశాబ్దాలుగా మన రచయిత్రులు రాస్తున్నది అదే కదా. మాట తప్పు కాదు. కానీ ఆ మాట ఎవరి మీద వాడాను? పడకుండా వేలాడుతున్న మనిషి మీద. పదకొండుసార్లు ఫోన్ చేసిన అతన్ని పల్లెత్తు మాటనలేదు. ఫోన్ లాక్కుని "అన్నయ్యా, మీరే వెతకండి" అని కూడా అనలేదు. వెళ్లాలా ఉండాలా అని నలిగిపోతున్న దానికే పాఠం చెప్పాను. "మీరు గుంజితే ఆమె పడ్తది" అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున తలూపాను కదా, అర్థమైందని!

జపాన్‌కి చెందిన జుంకో తబేయి 1975 మే 16న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ శిఖరం చేరిన మొదటి మహిళ. అప్పటికి ఆమెకి ఇంట్లో చిన్న కూతురుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె ఒంటరిగా జెండా పట్టుకుని నిలబడి ఉంటుంది. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1969లో, ఆమె ఆడవాళ్లకోసం ఒక పర్వతారోహణ క్లబ్బు పెట్టింది. ఎవరెస్టుకి వెళ్లింది ఆడవాళ్ల బృందంతో. అంతెందుకు, మేమెక్కిన ఈ భువనగిరి బండ మీదే మలావత్ పూర్ణ శిక్షణ పొందింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గిరిజన వ్యవసాయ కూలీల బిడ్డ. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. 2022కల్లా ఏడు ఖండాల్లో ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది. ఆ పిల్ల ధైర్యం గురించి అందరం రాశాం, చప్పట్లు కొట్టాం. ఆ ధైర్యానికి తాడు పట్టుకున్నది ఎవరు? ఒక సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల. శిక్షకులు. షెర్పాలు. పక్కనే నడిచిన తోటి విద్యార్థి ఆనంద్. పంపడానికి ఒప్పుకున్న అమ్మానాన్నలు. అలాంటి ధైర్యం ఊళ్లో ఇంకెంతమంది ఆడపిల్లలకుందో. పట్టుకునేవాళ్లు లేక కింద మిగిలిపోయారు.

మనం స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఎక్కే మనిషి గురించే మాట్లాడతాం. తెంచుకోవడం గురించి, గడప దాటడం గురించి, ఎగరడం గురించి. నా థీసిస్ నిండా అవే మాటలు. బిలే చేసే మనిషికి మన సాహిత్య విమర్శలో పేరు లేదు.

ఆదివారం పొద్దున్నే మొదటి రైల్లో వార్డెన్ తిరిగొచ్చేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇల్లు చేరేసరికి పదకొండున్నరయిందట. తలుపు తీసేసరికి బాబు నిద్రపోతున్నాడు, జ్వరం దిగింది. పక్కనే మంచం కింద వాళ్ల నాన్న, చేతిలో సిరప్ మూతతో, కూర్చునే నిద్రపోతున్నాడు. "మరి ఉడుత?" అన్నాం. "సింకులో గిన్నెలు చూసి తోమడం మొదలెట్టింది. నేను వద్దని లాగి పడుకోబెట్టా. నేను తోమా" అంది వార్డెన్.

ఆ రోజు దిగడం. ర్యాపెలింగ్ అంటారు. ఎక్కడంకంటే సులువని అన్నారు గానీ నాకు కాలేదు. అంచు మీద, లోయకి వీపు పెట్టి నిలబడాలి. తాడు మీద బరువు వేసి, ఏమీ లేని వెనక్కి వాలిపోవాలి. నా ఒళ్లు ససేమిరా అంది. ముందుకి వంగి బండని కౌగిలించుకున్నాను. రెండు కాళ్లూ ఒకేసారి జారాయి, మోకాలు గీసుకుపోయింది.

"గుట్టను పట్టుకుంటే జారుతరక్కా. పాదాలు గుట్టకు ఆనియ్యుండ్రి, వెనక్కి వాలుండ్రి. పట్టుకున్నోళ్లున్నరు గద" అంది ఆ అమ్మాయి పైనుంచి. రక్షణ తాడు ఆమె చేతిలోనే ఉంది. ఆమె వయసు నా వయసులో పాతిక భాగం తక్కువ, కాదు, ఇంకా తక్కువ. లెక్క కూడా తప్పుతోంది. అమ్మ గుర్తొచ్చింది. ఇప్పుడు నేను పడితే అమ్మకి "సెమినార్లో పడింది" అని చెప్పాలి. ఆ భయంలో కూడా నవ్వొచ్చింది. నవ్వితే ఒళ్లు వదులైంది. వాలాను. వాలగానే పాదాలు బండకి అతుక్కున్నాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. కింద ఊరు, రైలు పట్టాలు, ఎండలో మెరిసే చెరువు. అంతసేపూ పట్టుకుని ఉండడమే బతకడమని నేర్చుకున్న ఒంటికి, వదిలితేనే నిలబడతానని తెలిసిన క్షణమది.

కిందికొచ్చాక ఉడుతకి ఫోన్ చేశాను. "దిగావా?" అంది. "దిగాను." "ఎలా ఉంది?" చెప్పలేకపోయాను. "నిన్న అలా అని ఉండకూడదే" అన్నాను. "అనాల్సింది నాతో కాదు" అంది. అని, "మోకాలికి పసుపు రాశావా?" అని అడిగింది. దెబ్బ సంగతి వార్డెన్ చెప్పేసినట్టుంది.

ఇంటికెళ్లాక అమ్మకి నిజం చెప్పేశాను. నా మోకాలు చూసి, కాసేపు ఊరుకుని, "పై నుంచి ఏం కనపడింది?" అంది. "ఎందుకూ" అనలేదు.

2025 ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లారు. ఈసారి లీడరు, గోంగూర, వార్డెన్, ఉడుత. గోంగూర పట్టుచీర లేకుండా వచ్చింది. అదొక కథ, అది తనే రాయాలి. నేను ఉడుత ఇంట్లో ఉండిపోయాను.

ఈ పత్రిక చదివే మీరు ఇక్కడ నన్ను ఆపి అడుగుతారని తెలుసు. ఒకావిడ సెలవు కోసం ఇంకొకావిడ వంటింట్లోకి వెళ్లడమేనా పరిష్కారం? ఆ తాడు పట్టుకోవాల్సింది భర్త కదా? నేనూ ఉడుతని ఇదే అడిగాను. "అతను పట్టుకోవడం నేర్చుకునేదాకా నేను కింద కూర్చోవాలా?" అంది. నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ పూర్తిగా తోచలేదు. కానీ ఈసారి కూరలు వండి పెట్టనని, కాయితాలు అతికించనని తను ముందే చెప్పింది. ఫోన్ ఆపేస్తానని కూడా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం బాబు పప్పన్నంలో నెయ్యి లేదని గొడవ చేశాడు. నెయ్యి సీసా ఎక్కడా కనపడలేదు. నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఆపుకున్నాను. ఉడుత భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాకూ తెలీదండీ. తనకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు.

"వద్దన్నయ్యా. వెతుకుదాం" అన్నాను.

పై అరలు అతను చూశాడు, కింది అరలు నేను చూశాను. బాబు స్టూలు మీద కూర్చుని మా ఇద్దరికీ దారి చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. అన్నం చల్లారిపోయింది. పోపుల డబ్బా వెనకాల దొరికింది.